స్నేహ ఒప్పందాల్లో పనిమనిషి ఎక్కడ?

2024 డిసెంబరులో భారత ప్రధాని కువైట్ వెళ్ళారు. 1981 తర్వాత భారత ప్రధాని అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. 1961 నుంచి ఉన్న దౌత్య సంబంధాలు ఇక 'వ్యూహాత్మక భాగస్వామ్యం' అయ్యాయని ఇరుపక్షాలూ ప్రకటించుకున్నాయి. ప్రధాని కార్మికుల శిబిరానికి కూడా వెళ్ళారు. మంచిదే. కానీ రాజంపేట, రాయచోటి, నర్సాపురం, రాజోలు ప్రాంతాల నుంచి ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలకు శిబిరాలుండవు. వాళ్ళను చూడాలంటే యజమాని తలుపు తీయాలి.

కువైట్ 2010 కార్మిక చట్టం ఇంటి పనివారిని పక్కన పెట్టింది. 2015లో వారికి వేరే చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక సెలవు ఇవ్వాలి, పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు అంటుందది. కాగితం మీద బాగానే ఉంది. అయితే ఆమె అకామా యజమాని చేతిలో ఉంటుంది. దెబ్బలు భరించలేక బయటపడితే 'పారిపోయింది' అని కేసు పెడతాడు. జీతం ఎగ్గొట్టినవాడు ఫిర్యాదుదారు, ఆమె 'కల్లివెల్లి'!

మన ప్రభుత్వం ఏం చేసింది? ఇంటిపనికి స్త్రీలను తీసుకునే యజమాని 720 దినార్ల బ్యాంకు హామీ ఇవ్వాలని ఒకప్పుడు పట్టుబట్టింది. కువైట్ వీసాలు ఆపేసింది. 2017లో మన ప్రభుత్వమే ఆ నిబంధన ఎత్తేసింది. ఆ హామీకి బదులు స్త్రీల చేతికి ఏం వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇదే కువైట్‌తో ఫిలిప్పీన్స్ వేరేగా వ్యవహరించింది. 2018లో ఒక ఫిలిప్పీన్ పనిమనిషి శవం ఫ్రీజర్‌లో దొరికాక కార్మికులను పంపడం ఆపింది. కువైట్ ఆ దేశపు రాయబారిని వెళ్ళగొట్టింది. అయినా ఆ మే నెలలోనే, పాస్‌పోర్టు, ఫోను లాక్కోకూడదన్న ఒప్పందం కుదిరింది. హత్యలు ఆగలేదు, 2023లో మళ్ళీ పేచీ వచ్చింది. కాబట్టి దాన్ని ఆదర్శమని అనడం లేదు. పైగా నిషేధాల భారం చివరికి పడేది స్త్రీల మీదే. 30 ఏళ్ళు నిండనివారు వెళ్ళకూడదని మనవాళ్ళు పెట్టిన నిబంధన వల్ల ఏజెంట్లు వయసు పెంచి రాయిస్తున్నారు, విజిట్ వీసాల మీద పంపిస్తున్నారు. కానీ ఒక పనిమనిషి చావు రెండు దేశాల మధ్య సమస్య కాగలదని మనీలా చూపించింది.

భారత్, కువైట్‌లు 2021 జూన్‌లో ఇంటి పనివారిపై ఒప్పందం చేసుకున్నాయి. ఉద్యోగ ఒప్పంద పత్రం, 24 గంటల సహాయం, సమీక్షకు సంయుక్త కమిటీ అందులో ఉన్నాయి. ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది? ఎన్ని ఫిర్యాదులు తేల్చింది? లెక్కలు బయటపెట్టమని అడుగుదాం. ఆ ఒప్పందం తెలుగులో అచ్చయి, ప్రయాణానికి ముందే ప్రతి స్త్రీ చేతికి అందాలి.

ఇంకొక మాట. ఇంటి పనివారి హక్కులపై 2011 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికకు జెనీవాలో మన దేశం ఓటు వేసింది, ఆమోదించడం మాత్రం ఇంతవరకూ చేయలేదు. కువైట్ కూడా చేయలేదు. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో పనిచేసే మనిషికి వారం సెలవును మనమే చట్టంగా రాయకపోతే, కువైట్ ముందు ఏ మొహంతో అడుగుతాం?