ఓడకు ముందు రాత్రి

దారిఖర్చు – బాటసారి

హైదరాబాద్ నుంచి ముంబయికి విమానంలో గంటన్నర. ఓడ కదిలేది సాయంత్రం. తెల్లవారుజామున శంషాబాద్‌లో ఎక్కితే తొమ్మిదింటికల్లా దిగుతాం, మధ్యాహ్నానికి రేవులో ఉంటాం, ఒక రాత్రి హోటలు బిల్లు మిగిలిపోతుంది. క్రూయిజ్ టికెట్లు కొన్న మధ్యతరగతి ఇళ్లలో ఈ మధ్య తరచూ వినిపిస్తున్న లెక్క ఇది. కూడికలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ లెక్కలో డిసెంబరు పొగమంచు ఉండదు, సూట్‌కేసు బెల్టు మీద ఆఖరున రాదు, అంధేరీ దాటాక ట్రాఫిక్ ఎక్కడా ఆగదు.

రైలు తప్పితే వెనకాల ఇంకొకటి వస్తుంది. బస్సు తప్పితే ఆటో మాట్లాడుకుని ముందు స్టాపులో పట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో బోలెడంతమంది. ఓడకు ఆ వెసులుబాటు లేదు. కదిలే వేళకు చాలా ముందుగానే, కంపెనీని బట్టి గంట నుంచి రెండు గంటల ముందే, చెక్-ఇన్ మూసేస్తారు. ఆ తర్వాత గేటు దగ్గర ఎంత బతిమాలినా ఎవరూ ఏమీ చేయలేరు. డబ్బు తిరిగి రాదు. గోవా దాకా వెంటపడి అక్కడ ఎక్కుతామంటే, మధ్య రేవులో ఎక్కించుకుంటారన్న హామీ ఏమీ లేదు. లక్షద్వీప్ ఓడ అయితే వెంటపడే మాటే లేదు, ఆ దీవుల్లో కాలు పెట్టాలంటే పర్మిట్ కావాలి. నలుగురి కుటుంబం టికెట్ల డబ్బును పొద్దుటి విమానం మీద పందెం కాయడాన్ని పొదుపు అని నేను అనను.

అందుకని ముందు రోజే బయల్దేరాలి. ఇక్కడిదాకా ఒప్పుకున్నవాళ్లు కూడా రెండో మెట్టు మీద జారతారు. విమానాశ్రయం పక్కనే ఉందని అంధేరీలోనో సాకీనాకాలోనో గది తీసుకుంటారు. ఓడ ఎక్కే బల్లార్డ్ పియర్ నగరానికి దక్షిణపు కొసన, తూర్పు ఒడ్డున ఉంది. మధ్యలో పాతిక కిలోమీటర్లు. కాలీ-పీలీ టాక్సీ మీటరు మొదటి కిలోమీటరున్నరకు 31 రూపాయలు చూపిస్తుంది, ఈ దూరానికి ఐదు వందలు దాటుతుంది. యాప్ కార్ల వాళ్లు రద్దీ వేళల్లో ఎంత అడుగుతారో వాళ్లకే తెలియదు. గదిలో మిగిలిన డబ్బు కాస్తా డిక్కీలో పెట్టిన సూట్‌కేసులతోపాటు పోతుంది, పైగా ఓడ ఎక్కాల్సిన రోజునే నగరం మొత్తం అడ్డంగా దాటాలి.

నా మాట వింటే గది చిన్నదైనా సరే, ఫోర్టులోనో సీఎస్‌ఎంటీ చుట్టుపక్కలో కొలాబాలోనో తీసుకోండి. గది కొలతలో రాజీపడొచ్చు, దూరంలో పడకూడదు. సీఎస్‌ఎంటీ స్టేషను నుంచి బల్లార్డ్ పియర్ రెండు కిలోమీటర్ల లోపే. కొలాబాలో తాజ్ హోటల్ వెనక సాల్వేషన్ ఆర్మీ వాళ్ల రెడ్ షీల్డ్ హౌస్ ఉంది, వీపున మూటలు వేసుకుని తిరిగే విదేశీ కుర్రకారుకు దశాబ్దాలుగా తెలిసిన చిరునామా. మేడమ్ కామా రోడ్డులో వైడబ్ల్యూసీఏ అతిథిగృహం ఉంది. ఫోర్టు సందుల్లో మెట్లెక్కి పోవాల్సిన పాత లాడ్జీలు ఉన్నాయి, లిఫ్టు ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఎయిర్ కండిషనర్ కన్నా లిఫ్టే ముఖ్యం. 7,500 రూపాయల లోపు గదికి జీఎస్‌టీ 5 శాతమే, బిల్లులో అంతకు మించి కలిపారేమో చూసుకోండి.

మనవాళ్లు మరిచిపోయే సంగతి ఇంకొకటి: దక్షిణ ముంబయిలో ఆటోలు తిరగవు. బాంద్రా, సయన్‌ల దగ్గరే వాటి హద్దు. ఇక్కడ ఉన్నవి టాక్సీ, బెస్ట్ బస్సు, లోకల్ రైలు, ఇప్పుడు మెట్రో. బెస్ట్ కనీస చార్జీ 2025 మేలో రెట్టింపు చేశాక కూడా పది రూపాయలే. అక్వా లైన్ మెట్రో 2025 అక్టోబరు నుంచి ఆరే నుంచి కఫ్ పరేడ్ దాకా పూర్తిగా నడుస్తోంది, విమానాశ్రయం రెండు టెర్మినళ్లకూ స్టేషన్లున్నాయి. ఈ కొస నుంచి ఆ కొసకు 70 రూపాయలు. సీఎస్‌ఎంటీలో దిగితే అక్కడి నుంచి రేవుకు టాక్సీ కనీస చార్జీకి కాస్త అటూ ఇటూ. ఇంత చిన్న బేరానికి టాక్సీవాలా మొహం చిట్లిస్తాడు, అది వేరే విషయం. సూట్‌కేసు మనిషికి ఒకటికి మించకపోతే ఇంతకన్నా చవక దారి లేదు.

చవక విమానం టికెట్టు చూసి సంబరపడేముందు ఏ విమానాశ్రయమో చదవండి. నవీ ముంబయి విమానాశ్రయం 2025 డిసెంబరులో తెరుచుకుంది. అది సముద్రపు పాయకు ఆవలి ఒడ్డున ఉంది. అటల్ సేతు మీదుగా వస్తే కారుకు టోలే 250 రూపాయలు, కారు బాడుగ వేరే. టికెట్లో మిగిలిన వెయ్యి అక్కడే చెల్లిపోతుంది.

అసలు విమానం ఎందుకని అడిగేవాళ్లకు నా ఓటు. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం నాంపల్లిలో ఎక్కితే తెల్లవారుజామున సీఎస్‌ఎంటీలో దింపుతుంది. ఉత్తరాంధ్ర వాళ్లకు, బెజవాడ వాళ్లకు కోణార్క్ ఉంది. రాత్రి బస రైల్లోనే అయిపోయింది. ఓడకు ఇంకా పది గంటలకు పైనే వ్యవధి. రైలు నాలుగు గంటలు ఆలస్యమైనా గుండె దడ ఉండదు. టికెట్టు పీఎన్ఆర్ నంబరుతో స్టేషన్లో రిటైరింగ్ రూమ్ ముందే బుక్ చేసుకోవచ్చు, స్నానం చేసి నడుం వాల్చడానికి అది చాలు. దొరక్కపోతే సామాను క్లోక్ రూములో పెట్టుకోవచ్చు. తాళం లేని బ్యాగు తీసుకోరు, జిప్పుకు వేసే చిన్న తాళాలు ఇంటి దగ్గరే కొనుక్కోండి. చంటిపిల్లలు, వృద్ధులు వెంట ఉంటే మాత్రం ఈ సాహసం వద్దు, ఒక రాత్రి గదికి ఖర్చు పెట్టాల్సిందే.

ఓడకు ముందు దొరికే ఈ ఒక్క రోజునూ చాలామంది ఓడ కోసం వెయిటింగ్ రూములో కూర్చున్నట్టు గడుపుతారు. నాకైతే మొత్తం ప్రయాణంలో రూపాయికి ఎక్కువ విలువ దక్కేది ఈ రోజే అనిపిస్తుంది. ఓడ లోపల కాఫీ నుంచి ఫొటో దాకా ప్రతిదానికీ ఒక రేటు ఉంటుంది. బయట నగరం ఊరికే దొరుకుతుంది. సీఎస్‌ఎంటీ ఎదుట నిలబడి పైకి చూడటానికి టికెట్టు లేదు. దాని పక్కనున్న జనరల్ పోస్టాఫీసు గుమ్మటం చూస్తే దక్కనువాళ్లకు ఎక్కడో చూసినట్టు ఉంటుంది. జాన్ బెగ్ దాన్ని బిజాపూర్ గోల్ గుంబజ్ ఛాయల్లో గీశాడు. అక్కడి నుంచి తూర్పుకు నడిస్తే బల్లార్డ్ ఎస్టేట్. వెడల్పు రోడ్లు, చెట్ల నీడ, ఒకే ఎత్తున నిలబడ్డ రాతి కట్టడాలు. అలెగ్జాండ్రా డాక్ తవ్వినప్పుడు తీసిన మట్టితో సముద్రాన్ని పూడ్చి, 1914 నాటికి సిద్ధం చేసిన పేట ఇది. పోర్ట్ ట్రస్టు మొదటి ఛైర్మన్ కల్నల్ బల్లార్డ్ పేరు పెట్టారు. ఆ డాకే ఇప్పటి ఇందిరా డాక్, మన ఓడ నిలబడేది అక్కడే. పేటకు రూపురేఖలిచ్చిన జార్జ్ విటెట్టే గేట్‌వే ఆఫ్ ఇండియానూ, కాలా ఘోడా దగ్గరి మ్యూజియాన్నీ గీశాడు. ఈ మూడింటినీ ఒక పూటలో నడిచి చూడొచ్చు, మ్యూజియం లోపలికి వెళ్తేనే టికెట్టు. ఎలిఫెంటా మాత్రం ఓడ ఎక్కే రోజున పెట్టుకోవద్దు. పడవలో వెళ్లడానికి గంట, రావడానికి గంట. పైగా సోమవారం గుహలు మూసేస్తారు.

బొంబాయిలో ఓడ కోసం ఎదురుచూసిన ప్రయాణికుల్లో ఆ ఎదురుచూపు అందరికన్నా ఖరీదుగా పడింది మోహన్‌దాస్ గాంధీకే అయివుంటుంది. 1888లో చదువు కోసం ఇంగ్లండు వెళ్దామని అన్నగారితో కలిసి రాజ్‌కోట్ నుంచి వచ్చాడు. జూన్, జూలైల్లో హిందూ మహాసముద్రం ఉగ్రంగా ఉంటుందని, మొదటి ప్రయాణం కాబట్టి నవంబరు దాకా ఆగమని స్నేహితులు చెప్పారు. తుపానులో ఒక ఓడ మునిగిందని కూడా ఎవరో అన్నారు. అన్న భయపడి తమ్ముణ్ని ఒక స్నేహితుడి ఇంట్లో ఉంచి, డబ్బు బావగారి దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. బస ఉచితమే. కానీ రోజులు గడిచేకొద్దీ సముద్రం దాటబోతున్న కుర్రాడి సంగతి కులపెద్దల చెవిన పడింది. పంచాయితీ పెట్టారు, వెలివేశారు. సాయం చేసినవాళ్లకూ, రేవుకు వచ్చి సాగనంపినవాళ్లకూ రూపాయి పావలా జరిమానా అన్నారు. బావగారు ఆ మాటకు కట్టుబడి డబ్బు ఇవ్వనన్నాడు. చివరకు ఒక కుటుంబ మిత్రుడి దగ్గర అప్పు చేసి టికెట్టు, బట్టలు కొనుక్కుని సెప్టెంబరు 4న ఓడ ఎక్కాడు. తుపానుల నెలలో ఓడ ఎక్కకూడదన్న సలహా ఇప్పటికీ చెల్లుతోంది. వర్షాకాలంలో ముంబయి నుంచి విహార ఓడలు నడవవు, ఆ నెలల్లో తూర్పు తీరానికి మళ్లుతాయి. గాంధీ ముంబయి వచ్చినప్పుడల్లా 1917 నుంచి 1934 వరకు దిగిన మణిభవన్ గామ్‌దేవిలో ఉంది, ఒక గంట దానికి కేటాయించండి. 1931 ఆగస్టు 29న రౌండ్ టేబుల్ సమావేశానికి రాజ్‌పుతానా ఓడలో బయల్దేరినప్పుడు మాత్రం సాగనంపడానికి రేవుకు జనం పోటెత్తారు.

ఇక తిండి. మొదటి సూత్రం: ఓడ ఎక్కే రోజు మధ్యాహ్నం బయట తినకండి. చాలా ఓడల్లో ఎక్కగానే భోజనం ఉంటుంది, ఆ డబ్బు టికెట్లో ముందే కట్టారు. ముందు రోజు మాత్రం బయట తినడమే మేలు. సీఎస్‌ఎంటీ ఎదురుగా ఆరామ్‌లో వడాపావ్, బజార్ గేట్ వీధిలో పంచమ్ పూరీవాలా, ధోబీ తలావ్ దగ్గర 1904 నాటి కయానీలో బన్ మస్కా, ఇరానీ చాయ్. మన ఇరానీ చాయ్‌తో పోల్చి తగవు పెట్టుకోకండి, ఆ విషయంలో నేను హైదరాబాద్ పక్షం. బల్లార్డ్ ఎస్టేట్‌లోని బ్రిటానియా పేరు అందరూ చెబుతారు, 1923 నాటిది, బెర్రీ పులావ్ నిజంగానే బాగుంటుంది. కానీ బడ్జెట్ అని బయల్దేరినవాళ్లు దాన్ని నలుగురూ పంచుకోవాలి. అన్నం, సాంబారు లేనిదే నిద్రపట్టని వాళ్లుంటే లోకల్ ఎక్కి మాటుంగా వెళ్లండి. స్టేషన్ ఎదురుగా రామనాయక్ వారి ఉడిపి శ్రీకృష్ణ బోర్డింగ్ 1942 నుంచి అరిటాకులో వడ్డిస్తోంది. సెకండ్ క్లాసు టికెట్టు ఐదో పదో రూపాయలు. ఆదివారమైతే మెగా బ్లాక్ పేరుతో లోకల్స్ ఆపుతారు, ఫోర్టులో చాలా హోటళ్లూ మూసి ఉంటాయి. ఆవకాయ సీసా, ఎలక్ట్రిక్ కెటిల్ సూట్‌కేసులో పెట్టుకొచ్చినవాళ్లు ఓడ కంపెనీ నిబంధనలు ఒకసారి చదవడం మంచిది, రెండింటినీ గేటు దగ్గరే ఆపేసే ఓడలున్నాయి.

ఇదంతా ప్రయాణికుడు చేసుకోగలిగిన పొదుపు. చేయాల్సినవాళ్లు చేయనిది ఒకటి ఉంది. ముంబయి కొత్త అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2025 సెప్టెంబరులో ప్రారంభించారు, ఏడాదికి పది లక్షల మందికి సరిపోతుందని చెప్పారు. బాగుంది. ఆ పది లక్షల మందీ ముందు రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది ఎవరికీ పట్టినట్టు లేదు. క్రూయిజ్ అంటే ధనవంతుల వ్యవహారమన్న పాత ఊహలోనే మన పోర్టు అధికారులు ఉన్నారు. వారాంతపు ఓడలో గోవా వెళ్లొచ్చేవాళ్ల వరుసలో ఒకసారి నిలబడి చూస్తే పదవీ విరమణ డబ్బుతో వచ్చిన ఉపాధ్యాయ దంపతులు, కొత్తగా ఉద్యోగం వచ్చిన కొడుకు తీసుకొచ్చిన తల్లిదండ్రులు కనిపిస్తారు. రైల్వే వాళ్లు తమ ప్రయాణికులకు రిటైరింగ్ రూములు ఏనాడో ఇచ్చారు. ఓడ ప్రయాణికుడు ఆ సౌకర్యం కావాలంటే రైలు టికెట్టు కొనుక్కుని పొందాల్సి వస్తోంది.

విశాఖలోనూ ఇదే కథ. సుమారు 96 కోట్లతో కట్టిన టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. రెండు వేల మంది ప్రయాణికుల ఓడ వచ్చి ఆగగలదు, వచ్చేవి మాత్రం వానాకాలంలో నాలుగు రోజుల ముచ్చటగా వచ్చిపోతున్నాయి. ఓడలు రావడం లేదు కాబట్టి గదులు అక్కర్లేదని అధికారులంటారు. శ్రీకాకుళం, కాకినాడ, రాయగడల నుంచి వచ్చే కుటుంబం విశాఖలో ఒక రాత్రి చవకగా ఉండగలిగితేనే ఆ ఓడ నిండుతుందని నేనంటాను. టెర్మినల్‌లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉండే హాళ్లలో ఒకదానికి పడకలు, లాకర్లు, స్నానాల గదులు ఏర్పాటు చేసి, ఓడ టికెట్టు చూపించినవారికి రాత్రికి ఇంత అని రుసుము పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు. వచ్చే సీజన్‌కు ఇంకా సమయం ఉంది.