కాలువగట్టు ఎవరిది?

గోదావరి డెల్టాలో కాలువగట్టు నీటికి అడ్డుకట్ట మాత్రమే కాదు. అది మొదటినుండియు బాట. 1847లో ఆరంభమై 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టతో పాటు సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన ప్రధాన కాలువలు పొలములకు నీరిచ్చుటకే కాక పడవలు నడచుటకును ఏర్పడినవి. గాలి అనుకూలించినప్పుడు తెరచాప ఎత్తెడివారు. అనుకూలింపనప్పుడు మనుష్యులు గట్టుపై నడచుచు మోకుతో పడవను లాగెడివారు. ఒకే గట్టునుండి లాగు రెండు పడవలు ఎదురుపడినచో ఒకరు మోకును వదులుచేసి నీట ముంచినగాని రెండవవారికి దారి ఉండదు. బాటను పంచుకొనుట అనగా ఎవరో ఒకరు క్షణకాలము తగ్గుట అని ఆ పడవవారికి బోధింపనక్కరలేదు.

పడవల కాలము గడచినది. ఈ కాలువలను 2008లో నాలుగవ జాతీయ జలమార్గములో చేర్చినను, లాకుల ముందు సరకుపడవలు బారులుదీరు దృశ్యము మరల రాలేదు. గట్టుమీది బాట మాత్రము నిలిచియున్నది. తెల్లవారుజామున ఆరోగ్యమునకై నడచు పెద్దలు, ఊడ్పులకు పోవు స్త్రీలు, పాలక్యానులు తగిలించిన సైకిళ్ళు, బడివేళ సమీపించుసరికి పుస్తకముల సంచులతో పిల్లలు, అందరును ఆ కొద్దిపాటి వెడల్పులోనే సాగవలెను.

చిక్కు అక్కడనే వచ్చుచున్నది. సైకిలుకు చప్పుడు లేదు. వెనుకనుండి వచ్చి భుజము రాచుకొనుచు దూసుకుపోయిన బాలునికి అది ఆట. ఆ అదరుపాటున ప్రక్కకు ఒరిగిన వృద్ధురాలికి ఒకవైపు నీరు, ఒకవైపు పల్లము. గంట ఉన్నది గదా అందురు. చెవి దగ్గర మ్రోగించిన గంట హెచ్చరిక కాదు, బెదిరింపు. పది బారల దూరముననే ఒకసారి మ్రోగించి, వేగము తగ్గించి, తానే నీటివైపునకు తొలగి పోవుట సైకిలువాని విధి. తూములమీద, లాకుల వంతెనలమీద దిగి నడిపించుకొనిపోవుటయు అంతే. ఇట్లని నడచువారికి విధి లేదనరాదు. నలుగురు పెద్దమనుష్యులు వరుసగా, చెవులలో పాటలు పెట్టుకొని, బాటనంతయు ఆక్రమించుట ఏ పాదచారి హక్కును కాదు. అయినను తూకము వేయవలసివచ్చినచో త్రాసు పాదచారివైపే మొగ్గవలెను. బ్రిటనులో 2022 జనవరిలో సవరించిన రహదారి నియమావళి, ఎక్కువ హాని చేయగలవానిపై ఎక్కువ బాధ్యత ఉంచినది. ఇంగ్లండు, వేల్సులలోని పాత కాలువగట్లపై ఒకప్పుడు గుర్రములు పడవలను లాగెడివి. నేడవి నడచువారికిని సైకిళ్ళకును ఉమ్మడి బాటలు. 2012లో వాని నిర్వహణను స్వీకరించిన ధర్మసంస్థ పాదచారికే మొదటి స్థానమని చెప్పుచు, స్వచ్ఛంద సేవకుల తోడ్పాటుతో గట్లను బాగుచేయించుచున్నది.

కోతల కాలమున గట్టుపై ధాన్యము ఆరబోయు రైతును పలువురు దూషింతురు. కళ్ళము లేని కౌలురైతు మరి ఎక్కడ ఆరబోయును? కొన్ని దినములు సైకిలు దిగి నడచినంతమాత్రమున కొంపలు మునుగవు.

మర్యాదకంటె మరమ్మతు కష్టము. మట్టిబాటకు శత్రువు నీరే. వానకాలమున సైకిలు చక్రము చేసిన గాడిలో నీరు నిలుచును, ఆ గాడినే ట్రాక్టరు లోతుచేయును, మరునాడు నడచువాడు గాడిని తప్పించుకొనుటకు అంచున నడచును, అంచు విరుగును. నడుమ కొంచెము ఎత్తు, ఇరువైపుల వాలు ఉన్నచో ఈ కథ ఆదిలోనే ఆగిపోవును. ఎలుకలును పీతలును త్రవ్వు బొరియలు మరియొక కీడు. నేడు సైకిలు చక్రము దిగబడిన రంధ్రమే రేపు గండి కావచ్చును. సర్కారుతుమ్మ కొమ్మలను నరికి బాటపైననే విడిచిపోవు అలవాటు అన్నిటికంటె హీనము. ఆ ముల్లు చెప్పులేని కాలిని, సైకిలు ట్యూబును ఒక్కతీరుగనే గ్రుచ్చును. వేసవిలో కాలువ కట్టివేసి పూడిక తీసినప్పుడు ఆ బురదను గట్టుపైననే కుప్పలుగా పోయుటయు ఉన్నది; కాలువ బాగుపడును, బాట చెడును.

ఇందులకు జవాబుదారి ఎవరు? జలవనరుల శాఖ దృష్టిలో అది గట్టు, బాట కాదు. 1997 నాటి చట్టముచే ఏర్పడిన నీటి సంఘములలో ఓటు ఆయకట్టు రైతులకే. గట్టుమీద నడచు కూలికిగాని, సైకిలుపై బడికి పోవు బాలికకుగాని అందులో నోరు లేదు. తొమ్మిదవ తరగతి బాలికలకు ప్రభుత్వము సైకిళ్ళు పంచినది. సైకిలిచ్చినంత సులువుగా బాట ఇచ్చుట కాలేదు.

తారో సిమెంటో వేయించినచో తీరిపోవునని కొందరి వాదము. తీరదు. నున్నని బాట దొరికిన మరునాడే మోటారుసైకిళ్ళు, ఆటోలు వచ్చును. బడిపిల్లలు అంచునకు నెట్టబడుదురు. నడుమ ఎత్తుగా గ్రావెలు పరచి, దిమ్మిస చేసి, ఏటేట వానల వెనుక గుంతలు పూడ్చుట తక్కువ వ్యయము, ఎక్కువ మేలు. ఏటేట అనుమాటయే కష్టమైనది. శంకుస్థాపనకు శిలాఫలకము ఉండును. గుంత పూడ్చినవానికి ఉండదు.

పిల్లలచేత పార పట్టింపవలెనని కాదు. ఆ పని కూలి ఇచ్చి చేయింపవలసినది. ఉపాధ్యాయుడు తలచినచో వేరొక పని కలదు. గట్టుమీదుగా వచ్చు విద్యార్థులు ఒక పుస్తకమున తమ బాట పటమును గీసి, నీరు నిలిచిన చోటు, క్రొత్త బొరియ, విరిగిన అంచు, సైకిలు మనిషిని తాకిన మలుపు, ఒక్కొక్కదానిని తేదీతో గుర్తింపవచ్చును. భూగోళ పాఠమునకు ఇంతకంటె దగ్గరి పటము దొరకదు. వేసవిలో కాలువలు కట్టివేయకముందే ఆ పుస్తకపు నకలు నీటిపారుదల సెక్షను కార్యాలయమునకును పంచాయతీకిని చేరినచో, ఏ బొరియ పూడ్చవలెనో, పూడికమట్టి ఎక్కడ పోయరాదో మరల నీరు వదలులోపల తేలును.