బురదలో పనిచేశాక జ్వరమా?

వరి నాట్లు వేసొచ్చిన వారం పది రోజులకు ఉన్నట్టుండి చలిజ్వరం. తలనొప్పి, కళ్లెర్రబడటం, పిక్కలు ముట్టుకుంటేనే నొప్పి. వానాకాలం జ్వరమేలే అని మాత్ర వేసుకుని ఊరుకుంటే ముప్పే. అది ఎలుక జ్వరం... అంటే లెప్టోస్పైరోసిస్ కావచ్చు.

ఎలుకలు, పశువుల మూత్రంతో లెప్టోస్పైరా బ్యాక్టీరియా నీళ్లలో, బురదలో చేరుతుంది. చర్మం మీది పుండ్లు, పగుళ్ల నుంచి ఒంట్లోకి వెళుతుంది. రైతులు, కూలీలు, మురుగు కాలువలు తీసేవారికి దీని బెడద ఎక్కువ. 1915లో జపాన్ వైద్యుడు రియోకిచి ఇనాడా బృందం ఈ క్రిమిని గుర్తించింది కూడా బొగ్గుగని కార్మికుల్లోనే.

త్వరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ వంటి యాంటీబయాటిక్స్‌తో నయమవుతుంది. ఆలస్యమైతే కామెర్లు రావచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, ప్రాణాల మీదికీ రావచ్చు. మందులు మాత్రం డాక్టరు సలహాతోనే వాడాలి.

* మురుగు పనుల్లో గమ్‌బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి.
* నాట్లలో బూట్లు కుదరవు కాబట్టి, పుండ్లుంటే నీరు చొరని పట్టీ వేసుకోవాలి.
* పని కాగానే కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కోవాలి.
* ఇంట్లో, గాదెల దగ్గర ఎలుకలు చేరకుండా చూడాలి.

ఈ జ్వరం చూడటానికి మలేరియా, డెంగీలాగే ఉంటుంది. అందుకే డాక్టరు అడగకపోయినా ‘పొలంలో దిగాను’, ‘కాలువ తీశాను’ అని చెప్పాలి. సరైన పరీక్ష జరగడానికి ఆ ఒక్క మాటే దారి చూపిస్తుంది.