డిక్కీలో మంచు పార ఎందుకండీ?

సంపాదకుల వారికి,

మొన్న ఆదివారం అనుబంధంలో 'కారులో తప్పక ఉండాల్సిన 21 వస్తువులు' అని అచ్చేశారు. ఆరోది మంచు తోసే పార. ఏడోది టైర్లకు చుట్టే గొలుసులు. మా వనస్థలిపురం నుంచి సూర్యాపేట దాకా ఏ ఏడాది మంచు కురిసిందో రాసినవారు కాస్త చెబితే గోడమీద రాసిపెట్టుకుంటాను.

2023 జులై ఆఖరులో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర విజయవాడ హైవే ఎక్కింది, గుర్తుందిగా! ఆ రాత్రి నందిగామ వైపు ఆగిపోయిన బండ్లలో మాదీ ఒకటి. కారులో మా ఆయన, నేను, 78 ఏళ్ల మా అత్తగారు. ఆవిడకి షుగరు. పెళ్లికని బయల్దేరాం కాబట్టి పట్టుచీరలున్నాయి, చదివింపుల కవర్లున్నాయి. తాగడానికి మాత్రం అరలీటరు సీసా ఒక్కటే. 'గంటలో వదిలేస్తారు' అన్నారెవరో. తెల్లారింది. పక్క లారీ డ్రైవరు తన స్టవ్వు మీద ఉప్మా చేసి పెట్టాడు, అతని కడుపు చల్లగుండ. మరి ఆడవాళ్ల అవసరం మాటేమిటి? ముందూ వెనకా లారీలు, రోడ్డు దిగితే బురద. అత్తగారు నోరు తెరిచి చెప్పుకోలేక నీళ్లు తాగడమే మానేశారు. షుగరు మనిషి! చివరికి కారు తుడవడానికని డిక్కీలో పడేసిన నా పాత నేత చీర తీశాను. ఒక పక్క రెండు తలుపులూ బార్లా తెరిచి, వాటి మధ్య అడ్డంగా కట్టాను. అంతే, చాటు దొరికింది. తెల్లారేలోగా వెనక బండ్లలోంచి మరో ఏడుగురు ఆడవాళ్లు వచ్చి వెళ్లారు. మీ 21లో చీర లేదు.

పదకొండో సలహా ఇంకా ఘనం: 'రోజూ వేసుకునే మందులు కారులోనే ఉంచండి.' మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు స్టీరింగు ఎప్పుడైనా పట్టుకుని చూశారా? ఆ వేడిలో పెట్టిన ఇన్సులిన్ మందుగా మిగలదు. మందులు బయల్దేరేటప్పుడు చేతిసంచిలో వేసుకోవాలి. పవర్ బ్యాంకూ అంతే. కారుతో పాటు ఇచ్చిన ఫస్ట్ ఎయిడ్ డబ్బా మేం ఆ రాత్రే మొదటిసారి తెరిచాం. ప్లాస్టరు తీసి మా ఆయన వేలికి చుడితే జారి కిందపడింది. ఎండలకి జిగురు ఎప్పుడో చచ్చిపోయింది.

పనిలో పనిగా ఇంకో మాట. మా అబ్బాయి కొత్త కారుకి స్టెప్నీయే లేదు! టైర్లలో గాలి ఎంతుందో చూపే ఏర్పాటూ, పంక్చరు కిట్టూ ఉంటే స్టెప్నీ అక్కర్లేదని 2020లో నిబంధన సడలించారు. గోతిలో పడి టైరు పక్కవైపు చీలితే ఆ కిట్టులోని జిగురు సీసా ఏం చేస్తుంది, బొట్టు పెడుతుందా? దాని మీద ఒక్క ముక్క రాయరు గానీ, టైరు గొలుసుల మీద పేరా రాస్తారు.

మనకి కావలసినవి పట్టుమని పది లేవు. నీళ్లు, అటుకులు, బెల్లం, టార్చి, గట్టి తాడు, గొడుగు, ఎర్ర త్రికోణం, హైవే వాళ్ల 1033 నంబరు రాసిన కాగితం. నీళ్లు ప్రయాణం రోజు పట్టాలి, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఏడాదికోసారైనా తెరిచి చూడాలి.

వచ్చే ఆదివారం సవరణ వేయండి. ఆరో నంబరు కొట్టేసి అక్కడ 'పాత చీర' అని రాయండి.

— మీ పాత చందాదారు,
వనస్థలిపురం, హైదరాబాద్