డాలు పెరిగిన బల్లెములు పెరుగును

శత్రుక్షిపణిని మింటనే కూల్చు క్షిపణులను ఎన్ని నిర్మించిన నంత మేలనియు, ఇందుకు హద్దు కోరువాడు దేశద్రోహి యనియు కొందఱు వాదించుచున్నారు. డాలు ఎవరిని చంపునని వారి ప్రశ్న. మాట వినసొంపుగ నున్నది; విచారించిన నిలువదు.

పెనుగొండ కోట నెఱిగిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు. కోటగోడ లావెక్కిన కొలది ముట్టడించువాడు ఇంటికి మరలిపోడు. పెద్ద ఫిరంగి పోతపోయించును.

అణ్వస్త్రరాజ్యముల నడుమ శాంతి పరస్పరభయముపై నిలిచినది. ఒకడు కొట్టిన రెండవవాడును కొట్టగలడను నమ్మిక యున్నంతవఱకే యిరువురి చేతులును కట్టువడి యుండును. ఒకడు గొప్పడాలు పట్టినచో, వీడు ముందుగ నన్ను గొట్టి, మిగిలిన నా కొలది క్షిపణులను డాలుతో నాపుకొనునేమో యని రెండవవాడు శంకించును. అందుచేతనే 1972లో అమెరికా, సోవియట్ రాజ్యములు డాళ్లకు మితి నేర్పఱచుకొన్నవి. 2002లో అమెరికా ఆ యొడంబడికను విడనాడెను. 2018లో రష్యా, ఆ డాలును దాటిపోవు ఆయుధములివిగో యని లోకమునకు జూపెను.

మనయందును ఇదియే కథ. హైదరాబాదు ప్రయోగశాలల కృషిచే 2006 నవంబరులో మన తొలి పరీక్ష జయప్రదమయ్యెను. 2017లో పాకిస్థాను పలు అణుబాంబులను మోయు అబాబీలు క్షిపణిని పరీక్షించి, ఈ ప్రాంతమున పెరుగుచున్న క్షిపణిరక్షణకు ఇది ప్రత్యుత్తరమని బాహాటముగ ప్రకటించెను. 2024లో అగ్ని-5తో మనమును ఆ విద్యనే ప్రదర్శించితిమి. ఇందు ఎవరి భయము తగ్గినది?

పొరపాటున నెగసిన యొంటరి క్షిపణి నాపుటకైనను డాలు వలదా యందురేని, వలయును. 2022 మార్చిలో మన క్షిపణియే పొరపాటున పాకిస్థాను భూమిపై బడెను. కాని యొంటరి క్షిపణి నాపుటకు చిన్నడాలు చాలును. వందల క్షిపణుల నాపుదునను డాలు వట్టి భ్రమ. పదింట తొమ్మిది కూలినను, పదియవది పడిన నగరమున ఆ విజయమును లెక్కించువా డుండడు.

బాలిస్టిక్ క్షిపణిపరీక్షలను ముందుగ తెలుపుకొనవలెనని 2005లో ఉభయరాజ్యములు ఒడంబడినవి. అది భూమినుండి భూమిపైకి వేయువానికే. కూల్చు క్షిపణుల ప్రసక్తి యందు లేదు. ఆ లోపమును పూరింపవలయును. డాళ్ల పరీక్షలను తెలుపుకొని, వాని సంఖ్యకు మితి విధింపవలయును. అణ్వస్త్రమును ముందుగ ప్రయోగింపమని ప్రతిజ్ఞ చేసిన దేశము ఈ మాటను ముందుగ పలుకుట పిఱికితనము కాదు. తన ప్రతిజ్ఞను పొరుగువాడు నమ్మునట్లు చేసికొనుట. మన ప్రతినిధులను ఈ ప్రశ్న యడుగుట పౌరుల విధి.