మన నలుపుకు ఆపరేషన్ ఎందుకు?

బెజవాడ రోడ్లమీద బోర్డులు చూడండి. చర్మానికో క్లినిక్కు, జుట్టుకో క్లినిక్కు, ముక్కుకో క్లినిక్కు. ఆ బోర్డులమీద గుణదల కూలోళ్ల ముఖం ఒక్కటైనా ఉందా? అక్కడుండేది తెల్లతోలు. కింద నడిచే మనం జబ్బు మనుషులం!

నలుపు జబ్బని చెప్పిందెవరు? రంగునిచ్చే కణాలు నల్లోళ్లకూ తెల్లోళ్లకూ దాదాపు ఒకే లెక్కలో ఉంటాయి. అవి తయారుచేసే మెలనిన్‌లోనే తేడా. ఆ మెలనిన్ ఎండకు గొడుగు. డెల్టాలో నాట్లేసే ఒంటికి అది పుట్టుకతో వచ్చిన ఆస్తి. నీడపట్టున కూర్చుని తిన్నోళ్లు మన పనినీ తక్కువ చేశారు, పనిచేసే ఒంటినీ తక్కువ చేశారు.

మన ఏరు పేరు కృష్ణ. అంటే నలుపే. నల్లనయ్యకు గుళ్లో హారతి పడతారు, పెళ్లిచూపుల్లో మాత్రం 'పిల్ల రంగు తక్కువ' అని కట్నం పెంచుతారు. ఈ మాట మన పేటల్లోనూ వినపడుతోంది. సిగ్గుపడాలి.

ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. 45 ఏళ్లు అమ్ముకున్నాక, ప్రపంచమంతా నల్లజాతి ప్రజలు లేచిన 2020లో 'ఫెయిర్' తీసి 'గ్లో' పెట్టారు. పేరు మారింది, బేరం మారలేదు.

ఇక కత్తి సంగతి. సినీనటి ఆర్తీ అగర్వాల్ కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకున్న కొద్ది వారాలకే 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయింది. వయసు 31. తెరమీద లక్షలమంది మెచ్చిన మనిషే కత్తి కిందికి వెళ్లిందంటే, లోపం ఒంట్లో ఉందా, చూసే కళ్లలో ఉందా?

ఉన్న చిన్న మచ్చనో, లేని లోపాన్నో అద్దంలో పదేపదే చూసుకుని కుమిలిపోవడం ఒక మనోవ్యాధి. డాక్టర్లు దాన్ని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు. అది కత్తితో పోయేది కాదు. ముక్కు సరిచేస్తే దిగులు గడ్డంమీదికి దిగుతుంది. వాళ్లకు కావాల్సింది మనసు వైద్యం. అది తెలిసీ డబ్బు కట్టించుకునేవాడు డాక్టరు కాదు, వ్యాపారి.

అన్ని ఆపరేషన్లూ వద్దంటున్నామా? కాదు. గ్రహణమొర్రి బిడ్డకు, ఒళ్లు కాలిన ఆడకూతురికి, యాసిడ్ పడ్డ చెల్లికి ప్లాస్టిక్ సర్జరీ హక్కు. యాసిడ్ బాధితులకు ప్రైవేటు ఆసుపత్రులూ ఉచితంగా వైద్యం చేయాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. చెయ్యమంటే సంఘం వెంటబెట్టుకుని వెళ్లి నిలదీయండి.

స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం కట్టడి పెట్టింది. అవి వాడగా వాడగా తోలు పలచబడుతుంది, ముఖం ఎర్రబడుతుంది. అమ్మే మందుల షాపుమీద డ్రగ్ ఇన్స్‌పెక్టరుకు కాగితం పెట్టండి.

అన్నలారా, రంగు చూసి కట్నం అడిగే సంబంధానికి మన గడప తొక్కనివ్వకండి. అక్కలారా, బిడ్డను 'కర్రిదానా' అని తిట్టే నోటిని ముందు మన ఇంట్లోనే మూయించండి. మారాల్సింది మన తోలు కాదు. దానికి వెల కట్టేవాడి చూపు.