ముందు పేరు కాదు, వెనుక రాసింది చూడండి



2024 వేసవిలో ఒక తల్లి ఏడాదిన్నర బాబును భుజాన వేసుకొని మా పిల్లల వార్డుకు వచ్చింది. రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు. కళ్లు లోతుకు పోయాయి, నోరు పిడచకట్టింది, ఏడుస్తున్నా కన్నీరు రావడం లేదు. సెలైన్‌కు ఏర్పాటు చేస్తూ, "ఏమ్మా, ఓ.ఆర్.ఎస్. పట్టలేదా?" అని అడిగాను. ఆమె సంచిలో నుండి మూడు ఖాళీ అట్ట డబ్బాలు తీసింది. "పట్టాను సిస్టరమ్మా, ఇవే కదా! తాగిన కొద్దీ ఇంకా ఎక్కువైంది" అంది.

డబ్బా ముందు వైపు పేరులో ఆ మూడు అక్షరాలూ పెద్దగా ఉన్నాయి. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓ.ఆర్.ఎస్. కాదు అన్న మాట మాత్రం చిన్న ఇంగ్లీషు అక్షరాలలో ఉంది. పదార్థాల జాబితాలో నీళ్ల తరువాత పేరు చక్కెర. బాబు కోలుకొని ఇంటికి వెళ్లాడు. కానీ ఆ తల్లి చేసిన తప్పేమిటన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఓ.ఆర్.ఎస్. అంటే నీరసానికి తాగే తీపి పానీయం కాదు, అది మందు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు, సెలైన్ సీసాలు చాలక, డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటినే తాగించి వేలమందిని బ్రతికించారు. ఈనాటి ప్యాకెట్‌లో లీటరు నీటికి సరిపడా నాలుగు పదార్థాలుంటాయి: ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం 20.5 గ్రాములు.

ఈ కొలతలోనే కిటుకంతా ఉంది. గ్లూకోజ్, ఉప్పు తగు పాళ్లలో ఉంటే పేగు ఆ రెంటినీ కలిపి పీల్చుకుంటుంది, వాటి వెంట నీరు కూడా ఒంటికి పడుతుంది. తీపి ఎక్కువైతే జరిగేది దీనికి తలక్రిందులు. చక్కెర ఒంటిలోని నీటిని పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. ఆ తల్లి చెప్పింది అక్షరాలా నిజం.

ఈ పేర్లకు వ్యతిరేకంగా హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. ఆహార భద్రతను చూసే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2022 ఏప్రిల్‌లో ఇటువంటి పేర్లను అడ్డుకుంది. కానీ అదే ఏడాది జూలైలో, 'ఇది ఆ ఓ.ఆర్.ఎస్. కాదు' అని డబ్బా మీద రాస్తే చాలునని సడలించింది. చివరకు 2025 అక్టోబరు 14న ఆ సడలింపును రద్దు చేసింది. ఇప్పుడు ఏ ఆహార పానీయం పేరులోనూ, ముందు వెనుక ఏ మాట చేర్చినా సరే, ఆ మూడు అక్షరాలు వాడకూడదు.

ఇది మంచి నిర్ణయం. అయితే ఇంతటితో సరిపోదని నా అభిప్రాయం. "లేబుల్ మీద అంతా రాసే ఉంటుంది, చదివి కొనుక్కోవాలి" అని కొందరంటారు. ఎవరు చదవాలి? మన నిబంధనల ప్రకారం లేబుల్ మీద వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు. తెలుగు ఇష్టముంటే చేర్చవచ్చు, తప్పనిసరి కాదు. తెలుగు మాత్రమే వచ్చిన తల్లికి ఇంగ్లీషులో చేసిన హెచ్చరిక హెచ్చరికే కాదు. పిల్లలకు, రోగులకు పట్టే వాటి మీదనైనా ముఖ్యమైన మాటలు తెలుగులో, పేరు ఎంత పెద్దదో అంత పెద్దగా ఉండాలి.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. ఓ.పి.లో రద్దీగా ఉన్నప్పుడు "ఓ.ఆర్.ఎస్. పట్టమ్మా" అని నోటితో చెప్పి పంపిన నర్సులలో నేనూ ఉన్నాను. ఇకమీదట ప్యాకెట్ చేతికిచ్చి, కలిపి చూపించి పంపుదాం. అది అయిదు నిమిషాల పని.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి ఇవి. మందుల షాపులో "లీటరు నీళ్లలో కలిపే ఓ.ఆర్.ఎస్. పొడి" అని అడగండి. సిద్ధంగా కలిపి అమ్మేవాటిలో కూడా అసలైనవి ఉన్నాయి, కానీ వాటి మీద పై నాలుగు పదార్థాలు, ఆ కొలతలే ఉండాలి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాస్తారు. పోషకాల పట్టికలో 100 మిల్లీలీటర్లకు చక్కెర ఎంతో చూడండి. అసలు ఓ.ఆర్.ఎస్.లో గ్లూకోజ్ 1.35 గ్రాములే. అక్కడ 8 అని ఉంటే దాదాపు ఆరు రెట్లు అన్నమాట. చదవడం రాకపోతే బడికి వెళ్లే పిల్లవాడి చేత చదివించండి.

కాచి చల్లార్చిన లీటరు నీటిలో ప్యాకెట్ మొత్తం కలపాలి. సగం పొడి, సగం నీళ్లు అని లెక్కలు వేయవద్దు. కలిపిన నీటిని 24 గంటలలోపు వాడాలి. రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుండి 100 మిల్లీలీటర్లు చెంచాతో మెల్లగా పట్టాలి. తల్లిపాలు ఆపవద్దు. బిడ్డ మత్తుగా ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఆ రోజు ఆ తల్లి మూడు డబ్బాలకు డబ్బు పెట్టింది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ఆమె బిడ్డకు సరిపోయేది. ఈ తేడా మీ వీధిలో ఒక్క తల్లికి చెప్పినా, ఈ పేజీ రాసినందుకు నాకు తృప్తి.